ఐదో చెల్లెలి మాట

పొద్దున్నే ఆఫీసులో అడుగు పెట్టగానే దుభాషి ముందు గొంతు సవరించుకునేది, తర్వాతే కుర్చీ. పనివాళ్ళ తగాదాలు విచారించే ఆఫీసు అది. పరాయి దేశాల నుంచి వచ్చినవాళ్ళు తమ భాషలో మొర పెట్టుకుంటే, ఆవిడ అధికారికి అర్థమయ్యేలా చెప్పేది. స్పానిష్, పోర్చుగీస్, ఇటాలియన్, ఫ్రెంచ్ ఆవిడకి కొట్టిన పిండి. రెండు నాలుకలుంటే తప్పు గానీ నాలుగుంటే ఉద్యోగమే అని గుమాస్తాలు నవ్వేవాళ్ళు. ఆవిడా నవ్వేది, కాస్త గర్వంగానే.

ఆ నాలుగూ లాటిన్ అనే ఒక తల్లి పిల్లలు. జరగనిదాన్ని తలుచుకుని "అలా చేసి ఉంటే" అనాలంటే స్పానిష్‌లో హుబియేసె, పోర్చుగీస్‌లో తివెస్సె, ఇటాలియన్‌లో అవెస్సి. ఫ్రెంచ్‌లోనూ ఉంది గానీ పుస్తకాల్లోనే, నోళ్ళలో ఎప్పుడో చచ్చిపోయింది. ఎక్కడ విన్నా చివర ఆ సకారమే, నిట్టూర్పులాగా.

అదే తల్లికి ఐదో పిల్ల రుమేనియన్. ఆ భాష తెలిసిన మనిషి దొరకడం లేదని అధికారి అంటే, నాలుగు వచ్చినదాన్ని, ఐదోది ఎంతలో పని అని దుభాషి ఒప్పేసుకుంది.

వచ్చింది ఒక ఆయా. ఒక ముసలాయన్ని చూసుకునే పని ఆమెది. ఆయన స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అప్పుడు నువ్వెక్కడున్నావని అడిగితే ఆయా "ప్లెకాసెమ్" అంది. చివర సకారం చెవిన పడగానే దుభాషి తడుముకోకుండా చెప్పేసింది.

"నేను వెళ్ళిపోయి ఉంటే బాగుండేది, అంటోందండీ."

అంటే అక్కడే ఉండి పట్టించుకోలేదన్నమాట, అని అధికారి తేల్చాడు. ఆయా ఉద్యోగం పోయింది.

తర్వాత ఒక సాయంత్రం బస్సులో ముందు సీటాయన ఫోన్‌లో రుమేనియన్ మాట్లాడుతున్నాడు. ఎవరో భోజనానికి రమ్మన్నారట. "మిన్కాసెమ్" అని నవ్వుతూ పొట్ట నిమురుకున్నాడు. తిని ఉంటే అని కాదు, అప్పటికే తినేశానని. నలుగురు అక్కల ఇళ్ళల్లో తీరని కోరికగా మిగిలిన ఆ రూపం, ఈ చెల్లెలి ఇంట్లో జరిగిపోయిన నిజమై కూర్చుంది. మరైతే ఆయా చెప్పింది, నేను అప్పటికే వెళ్ళిపోయాను అని. డ్యూటీ దిగి, ముసలాయన్ని ఇంకొకరికి అప్పజెప్పే ఉంటుంది.

దుభాషికి చెవులు భగ్గుమన్నాయి. మర్నాడు ఆఫీసులో తేలు కుట్టిన దొంగలా కూర్చుంది గానీ నోరు విప్పలేదు. ఇన్నాళ్ళ పేరు ఏమైపోవాలి?

అప్పటినుంచి ఆవిడ చేసే పనులు "చేసి ఉంటే" దగ్గరే ఆగిపోవడం మొదలైంది. కాఫీ తాగినా గ్లాసు నిండుగానే ఉండేది. తలస్నానం చేసినా జుట్టు పొడిగానే ఉండేది. బస్సు ఎక్కి దిగి చూసుకుంటే ఇంకా ఎక్కిన స్టాపులోనే. రెండుమూడుసార్లు ఎక్కితే గానీ ఆఫీసు చేరేది కాదు, కండక్టరు మాత్రం రెండోసారి టికెట్ అడిగేవాడు కాదు. అత్తగారు కంగారేమీ పడలేదు. కొందరికి ఎక్కిళ్ళు పట్టుకుంటాయి, నీకిది పట్టుకుంది, అంటూ మళ్ళీ వడ్డించేది.

ఇక ఉండబట్టలేక అధికారి గదికి వెళ్ళి జరిగిందంతా చెప్పేసింది. ఆయన తలెత్తి, "ఏదో చెప్పాలన్నారట, కూర్చోండి" అన్నాడు. మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. మళ్ళీ కూర్చోమన్నాడు. ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట ఆయనకి చేరలేదు. సిగ్గు మాత్రం ప్రతిసారీ కొత్తగా కాల్చింది.

చివరికి ఆయా ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ఒక్కటే గది. నేలమీద పెట్టెలు సగం సర్ది ఉన్నాయి, గోడకి మేకులు బోసిగా ఉన్నాయి. ఆయా గుర్తుపట్టి కుర్చీ జరిపింది, మంచినీళ్ళు ఇచ్చింది. పల్లెత్తు మాట అనలేదు. దానికే దుభాషి గుండె కోసుకుపోయింది. "నేను నిజం చెప్పి ఉంటే" అని ఆయా భాషలోనే ఏడవబోయింది. తెలిసి తెలిసీ నాలుక పాత దారిలోకే జారింది.

"స్పుసేసెమ్" అంది. అప్పటికే చెప్పేశాను, అని.

"అవును, ఆ రోజే చెప్పారుగా" అంది ఆయా.

దుభాషి చూసేసరికి నేలమీద పెట్టెలు లేవు. మేకులకి బట్టలు వేలాడుతున్నాయి. ఆయా డ్యూటీ కోటుకి గుండీలు పెట్టుకుంటూ, ముసలాయన ఇప్పుడు లేచి కూర్చుంటున్నాడని, తనని తప్ప ఎవర్నీ దగ్గరకి రానివ్వడని చెప్పింది.

"నాది చాలా పెద్ద తప్పు..." అని మొదలుపెట్టింది దుభాషి.

"మీ తప్పేముంది మేడమ్? మీరు సరిగ్గా చెప్పబట్టే కదా నేనింకా పనిలో ఉన్నాను."

జరగని తప్పుని ఎవరు క్షమిస్తారు? ఇప్పుడది లోకంలో ఆవిడ ఒక్కదాని దగ్గరే ఉంది.

ఆయా ఆవిడ చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళి ఇరుగుపొరుగుని పిలిచింది. నేను చెప్పానే, ఆవిడ ఈవిడే, అంది. వాళ్ళు చుట్టూ చేరి మెచ్చుకుంటుంటే దుభాషి తల దించుకుంది. ఎంత చదువుకుందో అంత వినయం, అనుకున్నారు.