శోకాలు లేని ఇల్లు

హెబ్రోను తెల్లవారకముందే పోయాడు. పొద్దు తాటిమట్టల మీదికి వచ్చేసరికి పాలెంలోని ఆడవాళ్లంతా వచ్చి గోడవారగా కూర్చున్నారు. పైటకొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఒక్క గొంతులోంచీ కూత బయటికి రాలేదు. ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడు, దూరంగా మైపాడు సముద్రం హోరు, అంతే.

భర్త తలాపున కుర్చీలో కూర్చున్న మగ్దలీనమ్మ వాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసింది. ఇంత చక్కగా నోరు మూసుకోవడం వాళ్లకు నేర్పింది తనే.

ఆ చుట్టుపక్కల పాలేలన్నిటికీ ఆమె ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిలమ్మ. తల్లీతండ్రీ లేని పిల్లగా నెల్లూరు మిషను బంగళాలో పెరిగింది. పెంచిన దొరసాని ఒక మాట పదే పదే చెప్పేది. శవం మీద పడి గుండెలు బాదుకోవడం, జుట్టు విరబోసుకుని రాగం తీసి శోకాలు పెట్టడం అడవి మనుషుల పని. నాగరికులు దుఃఖాన్ని ఉతికిన గుడ్డలా మడిచి లోపల దాచుకుంటారు.

దొరసాని చెప్పిందని మాత్రమే మగ్దలీనమ్మ నమ్మలేదు. పాలెంలో చావు వస్తే ఊళ్లో పెద్దరైతులు అరుగుల మీద కూర్చుని, "ఇంకేంది, నక్కలు మొదలుపెట్టినాయి" అని నవ్వడం ఆమె చెవులారా విన్నది. మనవాళ్లు నోరు మూసుకోవడం నేర్చిన రోజున ఆ నవ్వులు ఆగిపోతాయనుకుంది. అందుకే ఎక్కడ చావు జరిగినా గొడుగేసుకుని వెళ్లేది. ఏడ్చే ఆడదాని నోటికి తన అరచెయ్యి అడ్డం పెట్టేది. "అరవబాకమ్మా, మనం అడివి మనుషులం కాదు" అనేది. ఆడవాళ్లు ఆమెకు నోరుమూత అమ్మగారని చాటున పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. కొంచెం గర్వపడింది కూడా.

స్వరాజ్యం వచ్చిన మరుసటేడు దొరసాని తన దేశం వెళ్లిపోయింది. పోతూ పోతూ ఈ కుర్చీ ఇచ్చింది.

ఎండ ఎక్కాక పాస్టరు సమాధానంగారు వచ్చి ప్రార్థన చేశారు. మధ్యాహ్నం మూడింటికి శవపెట్టె లేవాలన్నారు.

"అయ్యగారూ, ఆయన గురించి ఏం చెప్తారు?" అని అడిగింది మగ్దలీనమ్మ.

"ఏముందమ్మా, మన సోదరుడు యథార్థంగా జీవించి ప్రభువునందు నిద్రించినాడని చెప్తాను."

"కల్లు తాగి గుంతలో పడి పోయిన దావీదుకి కూడా అదే చెప్పినారు గదా?"

పాస్టరుగారు ఇబ్బందిగా కండువా సర్దుకున్నారు. "అందరికీ చెప్పేది అదే కదమ్మా. క్రమం అట్టా ఉండాది."

ఆమె భర్త కుడి భుజం వైపు చూసింది. తెల్ల దుప్పటి కింద కూడా అక్కడ బొడిపెలా ఎత్తుగా ఉంది. వయసులో ఉన్నన్నాళ్లూ కాలవ గట్టు వెంట ఉప్పు పడవలకు తాడు కట్టి లాగిన భుజం అది. ఆ కాలవ కరువులో తవ్వారు. హెబ్రోను తాత అందులో గంజి కోసం మన్ను మోశాడు. 'తెల్లవాళ్లు మీకిచ్చిన నాగరికత ఈ కాలవ' అని దొరసాని ఒకసారి అంటే, హెబ్రోను భుజం రుద్దుకుంటూ, "అవునమ్మగారూ, లాగేది మాత్రం మేమే" అని నవ్వాడు. ఇట్లాంటి మాటలేవీ ఏ కీర్తనలోనూ ఉండవు. శోకంలో ఉంటాయి. పోయినవాడు ఏం తిన్నాడో, ఎవరిని తిట్టాడో, ఎవరికి పెట్టాడో, అన్నీ రాగంలో కట్టి ఊరందరి ముందూ చెప్పేది శోకమే. పెట్టె మూసేలోగా ఒక్క గొంతయినా ఆయన గురించి చెప్పకపోతే, ఫలానా మనిషి ఇక్కడ తిరిగాడన్న మాటే లేకుండా మట్టిలోకి పోతాడు.

పేరమ్మ వస్తే బాగుండు, అనుకుంది.

పేరమ్మ హెబ్రోను అక్క. అల్లూరు వైపు ఇచ్చారు. మతం మారలేదు. శోకం పెట్టిందంటే వీధి మొదట్లో అందుకుని ఇంట్లోకి వచ్చేదాకా దించేది కాదు. దారిన పోయే బండివాళ్లు కూడా ఆపి కళ్లు తుడుచుకునేవాళ్లు. మగ్దలీనమ్మ చెవులు వీధి వైపే పెట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నం బస్సుకు పేరమ్మ వచ్చింది. వీధిలో చప్పుడు లేదు. వాకిట్లో కాళ్లు కడుక్కుంది. లోపలికి వచ్చి తమ్ముడి కాళ్లు పట్టుకుని కాసేపు కూర్చుంది. తర్వాత అందరిలాగే కొంగు నోట్లో కుక్కుకుంది.

మగ్దలీనమ్మ కుర్చీ దిగి ఆమె పక్కన చేరింది. "వదినా, నీ తమ్ముడు గదా. ఏడువు."

"ఏడస్తానే ఉండా గదమ్మే."

"అట్టా కాదు. రాగం తీసి ఏడువు."

పేరమ్మ ఆమె మొహంలోకి చూసింది. "మా అమ్మ పోయినప్పుడు నా నోరు మూసింది ఎవురు? ఇప్పుడు నీ ఇంట్లో అరిచి, ఇంతమందిలో నీ మరేద తీస్తానా?"

"నేనే చెప్తుండాను గదా వదినా, నా మరేదకేమీ కాదు."

"చెప్పినప్పుడు మూసేదానికి, చెప్పినప్పుడు తెరిచేదానికి ఇది పెట్టె మూతా?" అంది పేరమ్మ. కోపంగా కాదు, అలసటగా. "ఆ దినం మింగినాను. మళ్లా ఎవురి చావులోనూ అది పైకి రాలా. ఇప్పుడు నా కోడళ్లు కూడా నామోషీ అంటారు. మాటలు కూడా మరిసిపోయినానే పిల్లా."

మగ్దలీనమ్మకు ఎప్పటిదో తలగడ గలేబు ఒకటి గుర్తొచ్చింది. యుద్ధంలో తమ్ముడు పోయాడని దొరసానికి టెలిగ్రాం వచ్చిన రోజది. దొరసాని టీ తాగింది, పిల్లలకు పాఠం చెప్పింది, వేళకు తలుపేసుకుని పడుకుంది. ఎంత నాగరికురాలో అని బంగళా అంతా చెప్పుకున్నారు. మర్నాడు పక్క సర్దుతుంటే గలేబు ఒక మూల పళ్లతో కొరికి చింపినట్టుంది. దాన్ని ఎవరికీ చెప్పకుండా కుట్టింది మగ్దలీనమ్మ. అంత పెద్ద బంగళాలో దొరసాని నోటికి అందింది తలగడ ఒక్కటే అని ఇన్నేళ్లకు తోచింది.

పెట్టె వచ్చింది. హెబ్రోనును అందులో పడుకోబెట్టారు. మూత తెస్తున్నారు.

"ఆగండి" అంది మగ్దలీనమ్మ.

శోకం రాగం ఆమెకు రాదు. ఎదుటివాళ్లు ఎత్తుకోగానే ఆపించడమే గాని ఏనాడూ చివరిదాకా విన్నది లేదు. నోరు తెరిస్తే వచ్చింది చిన్నప్పటి నుంచీ పాడిన కీర్తన రాగమే. మాటలు మాత్రం తనవి.

"కాలవ తాడుకు భుజమిచ్చినోడా, నా దొరా, చేప నడుం నాకు పెట్టి తోక తిన్నోడా, వానలో నా మీద గొడుగు పట్టి నువ్వు తడిసినోడా..."

అది తెలిసిన కీర్తన రాగం కావడంతో గోడవారన ఉన్న ఆడవాళ్లు గబగబా లేచారు. కొంగులు తల మీదికి లాక్కుని, చేతులు జోడించి, తలలు వంచి నిలబడ్డారు. పాస్టరుగారు కళ్లు మూసుకున్నారు. చర్చి అలవాటు లేని పేరమ్మ ఒక్కతే కూర్చుండిపోయింది. ఆమె అరచెయ్యి శోకం దరువులా నేల మీద ఒకసారి పడింది. ఇంకోసారి పడబోయి, నిలబడ్డవాళ్లను చూసి ఆగిపోయింది.

మగ్దలీనమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. శోకంలో అయితే అక్కడ పక్కవాళ్లు అందుకోవాలి.

"ఆమెన్" అన్నారందరూ.

మూత వేసేశారు.

సమాధుల దొడ్డి నుంచి తిరిగొచ్చాక పేరమ్మ సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. చివర లేచిన పాలెం పిల్ల ఎలిశబెతు గడప దగ్గర ఆగి వినయంగా అడిగింది. "అమ్మగారూ, ఆ కొత్త కీర్తన శానా బాగుండాది. ఆదివారం మాక్కూడా నేర్పిస్తారా?"

మగ్దలీనమ్మ ఆ పిల్ల మొహం చూసింది. ఎగతాళి లేదు. ఎంతో భక్తి ఉంది.

"పోయిరామ్మా, పొద్దుబోతుంది" అంది.

అందరూ వెళ్లాక ఆమె తలుపు వెయ్యలేదు. కుర్చీ లోపలే వదిలేసి గడప మీద కూర్చుంది. వీధి ఖాళీగా ఉంది. ఆపిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టి, ఊపిరి కోసం ఆగాల్సిన చోట ఆగింది. కాసేపు చూసి, అందుకోవాల్సిన మాట కూడా తనే అందుకుంది.