కరిగిపోయే సవతి

మూడోసారి ఛాయ్ పెట్టి తెచ్చేసరికి మా ఆయన అంతోనయ్య చూడవచ్చినవాళ్లకు మళ్లీ లుంగీ పైకెత్తి, తొడమీది కుట్ల గీత చూపిస్తున్నాడు.

"చూడు బలరాం, లోపల గొట్టం పెట్టిన్రు. పట్నం దవాఖానల పరీక్షకని కొంతమందికే ఏసిన్రు. దాన్ని పట్టుకొని నా నెత్తురు నరం మళ్ల పెరుగుతదట. పెరిగినంక గొట్టం కరిగిపోతదట. నా పానం నిలబెట్టిన తల్లి!"

ఇల్లందు బొగ్గుబావిలో ఆయనతో పనిచేసిన బలరాం నావైపు తిరిగాడు. "ఇగ చూస్కో వదినా, అన్న కాలుల నీకు సవతిని దాచిండు!"

అందరితో పాటు నేనూ నవ్వాను. నవ్వాను గానీ, అబద్ధమెందుకు, ఆ గొట్టం మీద నాకు కుళ్ళు పుట్టింది. బీడీలకు కాలి నరం మూసుకుపోయి వేలు నల్లబడితే చీము కడిగిందెవరు? నలభై నాలుగేళ్లు మొదటి షిఫ్టుకు అన్నం డబ్బా కట్టిచ్చిందెవరు? నన్ను ఏనాడూ తల్లీ అనలేదు సరే, పేరుపెట్టి కూడా పిలవలేదు. ఓయ్ అంటే నేనే. ఏన్కూరులో మా చెల్లె సంపూర్ణ "మిర్చి ఏరేటప్పుడు రా అక్కా, నెలదినాలుండి పో" అని పదకొండేళ్లుగా పిలుస్తోంది. అడిగినప్పుడల్లా ఈయనది ఒకటే మాట: "నువ్వు పోతే నాకు నీళ్లెవరు తోడాలె?"

రెండేళ్లు గడిచాక స్కానింగుకు పట్నం పోయాము. డాక్టరమ్మ తెరమీద చూపించింది.

"గొట్టం మొత్తం కరిగిపోయింది తాతా. ఇప్పుడున్నదంతా నీ సొంత నరమే. మంచిగ నడువు."

ఆయన మొహం చిన్నబోయింది. "పాపం, మోసినన్ని దినాలు మోసి పోయింది" అన్నాడు.

పాపమట! ఒక్కసారి నన్నూ అట్లా మెచ్చుకుంటే చాలునని ఇన్నాళ్లూ కుళ్ళుకున్నాననుకున్నాను. 'పోయింది' అన్న మాట చెవినపడ్డాకే తెలిసింది, నా కుళ్ళు పొగడ్తల మీద కాదు. పని అయిపోయింది, ఆ గొట్టాన్ని పోనిచ్చారు. ఉండమని ఎవరూ అడ్డం పడలేదు.

డాక్టరమ్మ చీటీ నా చేతికివ్వబోయింది. "మూడు నెలలకు తాతను తీసుకొని రా అమ్మమ్మా."

"ఆయన చేతికియ్యి బిడ్డా. కాలు మంచిగైందన్నవు గద, ఒక్కడే వస్తడు. నేను ఏన్కూరు పోతున్న."

"ఏందీ? ఎన్ని దినాలు?" అని ఆయన గొంతు పెంచాడు.

"పోయినంక చెప్త" అన్నాను.