బాలింకాలిగ్ ఎండ

పక్కింటికి ‘టు లెట్’ బోర్డు పెట్టినప్పటి నుంచీ దమయంతికి ఒకటే ఆశ. నేవన్ ఊళ్లో ఉంటున్న మైథిలి కుటుంబం అందులో దిగాలి, ఈ వానల దేశంలో తనకు తెలుగు మాట్లాడే తోడు దొరకాలి. అందుకే ఫోనులో మైథిలి దగ్గర తమ ఊరు బాలింకాలిగ్‌ను ఆకాశానికెత్తేసింది. కార్క్ రేవుకు కూతవేటు దూరం, ఏటి ఒడ్డున పార్కు, ఎటు చూసినా క్రేన్లు, సిమెంటు వాసన పోని కొత్త ఇళ్లు.

“ఎండ కాస్తుందా అక్కా?”

“కాయకేం! మొన్ననే గుమ్మడి వడియాలు పెట్టాను.”

శనివారం ఊరు చూడటానికి వచ్చిన మైథిలి గుమ్మంలోకి అడుగుపెట్టేసరికే తడిసి ముద్దయింది.

“ఇవాళొక్కరోజే ఇలా,” అంది దమయంతి, కిటికీ వైపు చూడకుండా. వంటింట్లోకి వెళ్లి వడియాలు వేయిస్తూ, “తువ్వాళ్లు మేడమీద హాట్ ప్రెస్ అల్మరాలో ఉన్నాయి, తీసుకో,” అని కేకేసి, వెంటనే నాలుక్కరుచుకుంది.

పరుగున మెట్లెక్కేసరికి మైథిలి అప్పటికే ఆ అల్మరా తెరిచేసింది. లోపల వేడినీళ్ల ట్యాంకు చుట్టూ, తువ్వాళ్ల మధ్య, మూడు పళ్లాల వడియాలు ఎండుతున్నాయి.

“ఇదేనా అక్కా మీ ఊరి సూర్యుడు?”

పక్కిల్లు చేజారినట్టేనని దమయంతి తల దించుకుంది.

మైథిలి ఒక వడియం విరిచి చూసింది. ఫెళ్లున విరిగింది.

“మా నేవన్ ఇంటి హాట్ ప్రెస్‌లో ఒక్క వడియాల పళ్లెమే పడుతోందక్కా. పక్కింటి తాళం తెప్పించు, అక్కడి ప్రెస్‌లో ఎన్ని పడతాయో చూద్దాం.”