ఆరితే పోయే రాత

పక్కింటి టీచరమ్మ వీధి పిల్లల్ని పాడుచేసింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదని మేస్త్రి ఏనాడో తేల్చేశాడు. చదువంటే కూర్చుని చేసేది. కణుపుల మీద బెత్తం పడితే అక్షరం దానంతటదే కుదురుతుంది. ఆయనకు అలాగే కుదిరింది, సంతకం వరకు.

ఆవిడ మాత్రం సాయంత్రమయ్యేసరికి పిల్లలందరినీ పోగేసి, బకెట్టు నీళ్లు, సున్నం కుంచెలు ఇచ్చి గోడల మీదికి తోలేది. వాళ్లు కుప్పిగంతులు వేస్తూ నీళ్లతో రాసేవాళ్లు. ఎండకు ఆరి రాసింది మాయమయ్యేది. మళ్లీ రాసేవాళ్లు.

"చదువుకు నీళ్లొదలడమంటే ఇదే," అన్నాడు మేస్త్రి కూతురితో.

"నీకెందుకు నాన్నా. మన పిల్ల రాస్తోంది, నాకది చాలు."

అదీ నిజమే. మనవరాలికి కాగితం చూస్తే చలిజ్వరం. తప్పు రాస్తానని భయం. పెన్సిలు పట్టుకుని పూటంతా కూర్చున్నా కాగితం తెల్లగానే ఉండేది. సొంతంగా ఒక పేజీ రాసి చూపకపోతే మళ్లీ అదే క్లాసులో కూర్చోబెడతామని బళ్లో చెప్పేశారు. అలాంటి పిల్ల నీళ్ల కుంచె పడితే మాత్రం వదలదు. ఆరితే పోతుంది, ఇక భయమెందుకని టీచరమ్మ చెవినిల్లు కట్టుకుని చెప్పింది మరి.

భార్య పోయాక మేస్త్రి పనులు మానేశాడు. ఆ ఆదివారం మాత్రం గుమ్మం ముందు పగిలిన గచ్చు తవ్వి కొత్తగా సిమెంటు పోశాడు. తాపీతో అద్దంలా నున్నగా తీసి, టీ తాగడానికి లోపలికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి మనవరాలు పుల్ల పట్టుకుని గొంతుక్కూర్చుని ఉంది. గచ్చు నిండా రాత.

'మా తాత పళ్లు తీసి గ్లాసులో పెడతాడు. పెట్టి మరిచిపోతాడు. మేం దాచామని తిడతాడు. అమ్మమ్మ ఉన్నప్పుడు అమ్మమ్మను తిట్టేవాడు. ఇప్పుడు కుర్చీని కూడా తిడుతున్నాడు. అమ్మమ్మ చెప్పులు ఇంకా మంచం కిందే ఉన్నాయి. ఎవర్నీ ముట్టుకోనివ్వడు.'

మేస్త్రి కూడబలుక్కుని చదివి తాపీ అందుకున్నాడు. ఒక్క చుట్టు తిప్పితే అంతా పోతుంది.

"ఎవరు రాయమన్నారే?"

"ఎవరూ అనలేదు తాతా. నాకే రాయాలనిపించింది. గోడకంటే ఇదే మెత్తగా ఉంది. ఆరితే పోతుందిగా."

జన్మంతా సిమెంటుతో కాపురం చేసినవాడికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. వెనక కూతురు అప్పటికే చదివేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చెరిపావంటే ఇది మళ్లీ పుల్ల కూడా పట్టదు నాన్నా," అంది మెల్లగా.

"నాకు తెలీదా?"

"చెరపకపోతే వీధంతా చదువుతుంది."

"అదీ తెలుసు. నోరు మూసుకుని గోనెలు పట్రా."

గోనెలు తడిపి కప్పాడు. సిమెంటు గట్టిపడేదాకా పొద్దునా సాయంత్రం నీళ్లు పోశాడు. తాత రాత కడిగేస్తున్నాడనుకుని మనవరాలూ చెంబుతో సాయం పట్టింది. తన గొయ్యి తను తవ్వుకున్నవాళ్లను మేస్త్రి చూశాడు గాని, తడుపుకున్నవాణ్ణి చూడలేదు.

గోనెలు తీసిన రోజు పిల్ల ముఖం పాలిపోయింది.

"పోలేదు తాతా."

"సిమెంటు. పోదు. చదువు."

గొణుగుతూ చదివింది. "తప్పులున్నాయా?"

మేస్త్రి చాలాసేపు వెతికాడు. ఒక్క అబద్ధమైనా దొరికితే బాగుండుననుకున్నాడు.

"లేవు."

"నీ గురక సంగతి రాయలేదు తాతా. చోటు చాల్లేదు."

"కాగితం మీద ఏడువు. నేను మళ్లీ గచ్చు తవ్వలేను."

మెట్టు మీద కూర్చుని రాసింది. పేజీ నిండితే వెనక్కి తిప్పి రాసింది. బళ్లో పై క్లాసుకు పంపారు.

పాలవాడు మాత్రం "పళ్లు దొరికాయా మేస్త్రీ?" అని అడిగాకే పాలు పోస్తున్నాడు. ఓ సాయంత్రం టీచరమ్మ వచ్చి గచ్చు ముందు నిలబడింది.

"తాపీ చేతిలోనే ఉందట. ఎందుకు చెరపలేదండీ?"

"మీ పిల్లల్ని ఇటువైపు రానీయకండి."

"నేనడిగింది అది కాదండీ."

"ఈ గచ్చు గురించి నేను మాట్లాడను. ఇవాళ కాదు, రేపు కాదు, చచ్చేదాకా మాట్లాడను," అన్నాడు మేస్త్రి.

మాట్లాడలేదు.