ఏ చేలో తాగింది?

ఆటోలో నా కూతురు ప్రత్యూష తల నా ఒళ్ళో ఉంది. నోటి వెంట నురగ కారుతోంది. నకరికల్లు దాటాం గానీ ఆసుపత్రి ఉన్న నరసరావుపేట ఇంకా రాలేదు. పుట్టి బుద్ధెరిగాక అప్పటిదాకా అంత భయం నేనెరగను.

జరిగింది చిన్న పొరపాటే. మిరపచేను గట్టున రెండు నీలం డ్రమ్ములుంటాయి. ఒకటి తాగే నీళ్ళది, రెండోది పురుగుమందు కలిపేది. మందు డ్రమ్ముకు గుర్తుగా ఎర్రగుడ్డ కడతారు. కాయల ఘాటు తట్టుకోలేక కోతకొచ్చిన మా కూలీల్లో ఎవరో ఆ గుడ్డ విప్పి ముక్కుకు కట్టుకున్నారు. బడికి సెలవని నాతో కోతకు వచ్చిన పిల్ల, దాహమేసి ఆ మందు డ్రమ్ములో చెంబు ముంచి తాగింది.

ఆటోలో మా ముఠా మేస్త్రి అంకారావు కూడా ఉన్నాడు. మమ్మల్ని పనికి పిలిచేదీ మానిపించేదీ అతనే. నా చెవి దగ్గరకు వంగాడు.

“డాక్టరు అడిగితే ఇంట్లో తాగిందని చెప్పక్కా. చేను పేరెత్తావా, పోలీసులొస్తారు. ఇంక మన వాడలో ఎవుర్నీ పనికి పిలవరు.”

అతనికీ భయమే, పాపం. మా ఊరి చుట్టూ కనుచూపు మేర ఆ చేను ఆసామి చెన్నకేశవులు గారి మిరపే, కాకపోతే ఆయన బంధువులది. మా అత్త కాలంలో జొన్న, కంది వేసేవారట. కూలికి గింజలు కొలిచేవారట, పనిలేని నెలల్లో అవే వండుకునేవారట. ఇప్పుడు మిరపకాయలు వండుకుని తింటామా? ఈ కోతలు పోతే ఏడాదంతా పస్తులే. ఇన్నేళ్ళుగా కోస్తున్నా మాలో ఒక్కరికీ సెంటు భూమి లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్ల కనురెప్పలు ఎత్తి చూసింది. కడుపు కడిగిస్తూనే, ఏ మందో తెలిస్తే సరైన విరుగుడు వేస్తానంది. మందు డబ్బాలుండేది చెన్నకేశవులు గారింట్లో. ఆయనకు ఫోన్ చేస్తే తప్ప తెలియదు. చెబితే ఊళ్ళో బతకలేను, చెప్పకపోతే పిల్ల బతకదు. అందులో ఆలోచించడానికి ఏముంది? అయినా నోరు పెగల్లేదు. అంత పిరికివాళ్ళమైపోయాం.

డాక్టరమ్మ ప్రత్యూష చెంప తట్టి, ఎక్కడ తాగావని అడిగింది. అది కళ్ళు సగం తెరిచింది. ముందు నన్ను కాదు, అంకారావును చూసింది.

“ఇంట్లోనే... నేనే తాగా.”

ఆటోలో దానికి స్పృహే లేదు, మేస్త్రి మాట విననే లేదు. ఆ అబద్ధం దానికి ఎవరూ నేర్పలేదు. పదో తరగతి చదివే పిల్ల, ప్రాణం పోతున్నా మా కూలి పని కాపాడుతోంది. దాని నోట్లో నురగ చూసినప్పుడు కూడా నేను అంత భయపడలేదు.

“అది అబద్ధం చెబుతోందమ్మా,” అన్నాను. “చెన్నకేశవులు గారి చేలో తాగింది, మందు కలిపిన నీళ్ళు. ఏం మందో ఆయన్నే అడగండి. నంబరు ఈయన కాడుంది.”

డాక్టరమ్మ అంకారావు వైపు చెయ్యి చాపింది. అతను జేబులోంచి ఫోన్ తీసి ఆ నంబరు కలిపాడు. నేను పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. అవతల ఫోన్ మోగుతున్నంతసేపూ ఆ చెయ్యి వదల్లేదు.