మార్తమ్మ అను వెంకటరమణమ్మ

మా వాళ్ళకు రెండేసి పేర్లుంటాయి. బాప్తిస్మం రోజున పాస్టరుగారు పెట్టింది గుడిపేరు. బడిలో వేసేటప్పుడు హెడ్మాస్టరు రాసుకున్నది బడిపేరు. పెళ్ళిళ్ళూ చావులూ గుడిపేరుతో జరుగుతాయి, సర్టిఫికెట్లూ ఉద్యోగాలూ బడిపేరుతో వస్తాయి. మా కులంవాళ్ళు క్రైస్తవులమని కాగితం మీద ఒప్పుకుంటే రిజర్వేషన్ పోతుంది కాబట్టి, ఈ రెండు పేర్లూ ఒకదానికొకటి ఎదురుపడకుండా చూసుకోవడం మాకు చిన్నప్పటినుంచే అలవాటు. నేను గుడిలో దానియేలుని, సర్టిఫికెట్లలో వెంకటరత్నాన్ని.

1988లో నేను నరసరావుపేటలో ఒక మిషను ఆసుపత్రిలో ప్రోగ్రామర్ని. విదేశాల్లోని సంఘంవాళ్ళు ఒక కంప్యూటరు పంపిస్తే, దానికో ఏసీ గది కట్టి, ఆ గదికి నన్ను పెట్టారు. ఇరవయ్యారేళ్ళ వయసు, హైదరాబాదులో చేసిన డిప్లొమా, చుట్టుపక్కల నా పని తెలిసినవాడు ఇంకొకడు లేడన్న పొగరు. ఎవరైనా చెప్పులతో ఆ గదిలోకి వస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. డాక్టరు ధనుంజయరావుగారు కూడా గుమ్మం దగ్గర బూట్లు విప్పేవారంటే నా పెత్తనం ఏ పాటిదో తెలుస్తుంది.

అంతకుముందు ఆసుపత్రి రికార్డంతా అబిదక్క చేతిలో ఉండేది. పదిహేడేళ్ళలో పదకొండు వేల కార్డులు రాసి బీరువాల్లో సర్దింది. ఏదైనా మందు ఒంటికి పడనివాళ్ళ కార్డుకు ఎర్ర కాగితం అంటించేది. రెండు పేర్లున్నవాళ్ళయితే, పేతురు అను కోటయ్య అని రెండూ రాసేది. ఆ కార్డులు ఆమె చెయ్యి దాటి బయటికి పోయిన రోజు లేదు.

నా మొదటి ప్రోగ్రాంలో రెండో పేరుకు కూడా ఒక గడి పెట్టాను. నేనూ ఫిలోమినా సిస్టరూ ఆరు నెలలు కూర్చుని కార్డులన్నీ ఎక్కించాం. సరిగ్గా అప్పుడే హైదరాబాదులో ప్రభుత్వ ఉద్యోగానికి నేను ఎంపికైనట్టు ఉత్తరం వచ్చింది. రిజర్వేషన్ పోస్టు. విచారణకు నా ఫైలు మా ఊరి మండలాఫీసుకు పోయింది. ఆ ఉత్తరం చదివిన రోజునుంచి నా ప్రోగ్రామంటే నాకే భయం పట్టుకుంది. ఒక్క మీట నొక్కితే చాలు, రెండు పేర్లున్నవాళ్ళ జాబితా మొత్తం అచ్చయి బయటికొస్తుంది. చిన్నప్పుడు పచ్చకామెర్లకు ఈ ఆసుపత్రిలోనే చూపించుకున్నాను కాబట్టి అందులో నేనూ ఉన్నాను.

గుడిపేర్లు మాత్రం ఉంచి, రెండో పేర్ల గడి పీకేశాను. మొత్తం చెరిపేయడానికి మాత్రం చేతులు రాలేదు. రెండు పేర్లూ ఉన్న పాత ప్రోగ్రాం కాపీ ఒకటి ఫ్లాపీలోకి ఎక్కించి, ఆఫీసులో ఉంచలేక ఇంట్లో ఉంచలేక, రోజూ టిఫిన్ సంచిలో మోసుకు తిరిగాను. కంప్యూటరు ఒక మనిషికి ఒక పేరే తీసుకుంటుందని అందరికీ చెప్పాను. అబిదక్క ఒక్కతే అడిగింది.

"మరి ‘అను’ యాడ పెడతావు తమ్ముడూ?"

కంప్యూటరుకు ‘అను’ తెలియదని నవ్వాను. నేను అక్కడితో ఆగలేదు. కార్డుల అవసరం తీరిపోయిందని బీరువాలు ఖాళీ చేయించి, కార్డులన్నీ పాత మిర్చి గోతాల్లో కుక్కించి గోడౌన్లో పడేయించాను. ఆ గోతాలు మోసింది జనరేటరు చూసే సుభానీ. వరసగా పెట్టమంటారా అని అడిగితే, ఎట్లా పడేసినా ఫరవాలేదని చెప్పాను.

మే నెలలో ఒక మంగళవారం. ఆ ఉదయం సిబ్బంది ప్రార్థనలో మాట్లాడే వంతు నాది. మనమంతా ఒకే శరీరానికి అవయవాలమనీ, కంటికి చెయ్యి అక్కరలేకుండా పోదనీ గొంతెత్తి చెప్పాను. సిగ్గులేకుండా చెప్పాను.

పదింటికి బెల్లంకొండ వైపు నుంచి వచ్చిన బస్సులోంచి ఒక మనిషిని ఇద్దరు పట్టుకుని దించారు. నలభై ఏళ్ళ ఆడమనిషి. అరికాలు కోసుకుని వారమైంది, మోకాలి దాకా వాచి కందిపోయింది, జ్వరంతో ఏదేదో గొణుగుతోంది. వెంట వచ్చినాయన పేరు అంకారావు. నుదుట విభూతి, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. మా మండలాఫీసులో టైపిస్టు. ఆమె అదే ఆఫీసులో అటెండరు, పేరు వెంకటరమణమ్మ, ఇద్దరు పిల్లలు, మొగుడు లేడు. అంతకుమించి ఆయనకు తెలియదు. ముత్యాల్లాంటి ఇంగ్లీషు అక్షరాలతో అడ్మిషన్ ఫారం నింపుతూ, తమ ఆఫీసులో ఏ ఫైలైనా తన టేబులు దాటాల్సిందేనని ఫిలోమినా సిస్టర్‌తో చెప్పుకున్నాడు. నా ఫైలు ఎవరి టేబులు మీద ఉందో నాకు అప్పుడు తెలిసింది.

నేను పేరు కొట్టి చూశాను. కొత్త పేషెంటు అంది కంప్యూటరు. డాక్టరుగారు పెన్సిలిన్ సిద్ధం చేయమన్నారు. కార్డుల పని పోయాక వార్డుకు మారిన అబిదక్క, అంతలో దుప్పటి పట్టుకొచ్చి ఆ ముఖం చూసి ఆగిపోయింది.

"ఈమె కొత్త కాదు సార్. ఈమెది ఎర్ర కాగితం కార్డు. నా చేత్తోనే అంటించా."

ఏ మందు పడదని డాక్టరుగారు అడిగితే ఆమెకు గుర్తు రాలేదు. మార్తమ్మ అని మాత్రం గుర్తుంది. నేను మార్తమ్మ అని కొట్టాను. రెండు వందల మంది ఉన్నారు. అందులో ఎర్ర కాగితం ఉన్నవాళ్ళు పదకొండు మంది. ఆరుగురికి పెన్సిలిన్ పడదు, ఐదుగురికి సల్ఫా పడదు. ఆ వారం స్టోరులో మిగిలిన మందులు ఆ రెండే. మామూలుగా అయితే ముందు ఒక చుక్క వేసి చూస్తారు. ఈ స్థితిలో ఆ చుక్క చాలు ప్రాణం పోవడానికి, అలాగని ఊరుకుంటే విషం పాకిపోతుంది అన్నారు డాక్టరుగారు. గడియారం చూసుకుని అరగంట టైమిచ్చారు.

అందరం గోడౌన్‌కు పరిగెత్తాం. పంతొమ్మిది గోతాలు. మూతులు విప్పగానే మిరపఘాటు ముక్కుల్లోకి కొట్టింది. సుభానీ గోతాలు కుమ్మరిస్తున్నాడు, ఫిలోమినా సిస్టర్ మార్తమ్మల్ని ఏరుతోంది, అబిదక్క నేల మీద కూర్చుని పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఒక్కొక్క కార్డూ చదువుతోంది. వరసా పాడూ లేదు. వద్దన్నది నేనే కదా. నేనూ వాళ్ళతోపాటు వంగి వెతికాను, అందరికంటే ఎక్కువ హడావిడి చేశాను. నా టిఫిన్ సంచి ఏసీ గదిలో మేకుకు వేలాడుతోంది.

ఆ ఇరవై నిమిషాల సంగతి ఎవరికీ చెప్పుకోలేదు, ఇప్పుడు చెబుతున్నాను. దొరకాలని ప్రార్థన చేశాను. ఆ మనిషి బతకాలని కాదు, ఫ్లాపీ తియ్యాల్సిన అవసరం రాకూడదని. కార్డు దొరికితే అంతా ఊపిరి పీల్చుకుంటారు, నా అబద్ధం అబద్ధంగానే సుఖంగా ఉంటుంది. ఫ్లాపీ తీశానంటే ఆ టైపిస్టు కంటపడి నా ఉద్యోగం పోతుంది. ఆమెదీ పోతుంది. ఆమె అటెండరు ఉద్యోగం ఏ పేరు మీద వచ్చిందో నాకు వేరే చెప్పక్కర్లేదు. ఆమె మంచికోసమే ఆగుతున్నానని కూడా ఒక క్షణం నన్ను నేను నమ్మించుకున్నాను.

పది గోతాలు అయ్యాయి. అబిదక్క కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. చేతిలో కార్డు పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"తప్పు నాదే తమ్ముడూ. పదిహేడేళ్ళలో ఒక్క మనిషిని మర్చిపోలా. ఈమెనే మర్చిపోయా. ఏమన్నా అయితే ఆ పిల్లలకి నేనేం చెప్పాలి?"

తన తప్పు ఏమీ లేని మనిషి, నా చెత్తలో కూర్చుని, నా తప్పు తన నెత్తిన వేసుకుంటోంది. అప్పుడు లేచాను. పెద్ద ధైర్యం వచ్చి కాదు, ఆమె ముఖం ఇంకొక్క నిమిషం చూడలేక లేచాను.

సంచిలోంచి తీస్తే ఫ్లాపీ కవరుకు మామిడికాయ పచ్చడి నూనె అంటుకుని ఉంది. చొక్కా అంచుతో తుడిచి డ్రైవులో పెట్టాను. గరగరలాడి చదవలేనంది. తీసి మళ్ళీ తుడిచాను. మళ్ళీ చదవలేనంది. వెనక నుంచి అబిదక్క, సిస్టర్, సుభానీ వచ్చి నిలబడ్డారు. డాక్టరుగారు బూట్లతోనే లోపలికొచ్చారు. వార్డులోంచి అంకారావు కూడా వచ్చాడు, చెప్పులతో. మూడోసారి పెట్టినప్పుడు ఎర్ర దీపం వెలిగి, నిలిచింది.

వెంకటరమణమ్మ అని కొడితే లేదంది. ఎక్కించేటప్పుడు ఏ అక్షరం ఎలా రాశామో ఎవరికి గుర్తు? మొదటి అక్షరాలు మాత్రమే ఇచ్చి అడగాలి. వెంకటర అని ఇస్తే ఆమె ఒక్కతే రాదని, ఆ వరసలో ఆమె కిందనే ఎవరుంటారో నాకు తెలుసు. కొట్టాను.

ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు వరసలు వచ్చాయి. మూడోది, మార్తమ్మ అను వెంకటరమణమ్మ, పెన్సిలిన్ పడదు. నాలుగోది, దానియేలు అను వెంకటరత్నం, తండ్రి పేరూ ఊరూ సహా.

ఫిలోమినా సిస్టర్ పెన్సిలిన్ వద్దని కేకేసుకుంటూ వార్డుకు పరిగెత్తింది. మార్తమ్మ బతికింది, ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. సల్ఫా ఎక్కించాక సాయంత్రానికి పిల్లల పేర్లు పలికింది. కానీ అప్పటికి మాకెవరికీ అది తెలియదు.

రెండో పేరు కుదరదన్నావుగా అని డాక్టరుగారు నెమ్మదిగా అడిగారు.

"కుదురుద్ది సార్. నేనే తీసేశా. నా రెండో పేరు బయటపడుద్దని భయపడి తీసేశా. అక్క తప్పేం లేదు, యంత్రం తప్పేం లేదు."

ఎవరి ముఖమూ చూడలేకపోయాను. డాక్టరుగారి ఊపిరి గట్టిగా వినబడింది. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఇరవై నిమిషాలు, అన్నారు. అంతే అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

సుభానీ కళ్ళు తుడుచుకోవడం మానేసి నన్నే చూస్తున్నాడు. అబిదక్క మాత్రం నన్ను చూడలేదు. ఆమె చూపు అంకారావు మీద ఉంది. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని స్క్రీను దగ్గరికి వంగాడు. పెదవులు కదుపుతూ పై వరసనుంచి చదువుకుంటూ వచ్చి, మూడో వరస దగ్గర ఆగాడు. తర్వాత నాలుగోది. తర్వాత నా ముఖం. అప్పుడు అబిదక్క రెండడుగులు వేసి స్క్రీనుకు అడ్డంగా నిలబడింది. ఎంత దాచాలనుకున్నా ఆలస్యమైపోయింది. అయినా నిలబడింది, మార్తమ్మ కోసం, నా కోసం కూడా. ఇంత చేసిన నా కోసం కూడా.

అంకారావు నడుం నిటారు చేశాడు. కళ్ళజోడు తీసి కండువాతో చానాసేపు తుడిచాడు.

"అడ్డం నిలబడక్కర్లేదులే అమ్మా," అన్నాడు. "నాకు ఇంగ్లీషు చదవటం రాదు."

అలా అని, తన చేత్తో ఇంగ్లీషులో నింపిన అడ్మిషన్ ఫారం నా టేబులు మీద పెట్టి, ఆమెకు మందు ఎక్కుతోందో లేదో చూసొస్తానని వార్డు వైపు నడిచాడు.