ఆరు గంటల రేసు

నేను ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్ని. ఒంగోలులో ఒక చిన్న దుకాణంవాడు నాలుగు దేశాల భాగాలు ఒక డబ్బాలో బిగించి నాకు ప్రాణం పోశాడు. మొదట ఫోటో స్టూడియోలో చేరాను. అక్కడ నా పనల్లా పెళ్లికూతుళ్లను తెల్లగా చేయడమే. ఎంత చేసినా ఇంకొంచెం అనేవారు. స్టూడియో మూతపడ్డాక మాల్యాద్రి నన్ను ఇంటికి తెచ్చుకున్నాడు.

మాల్యాద్రి మోటార్లకు వైండింగ్ చేస్తాడు. తమ్ముడు కొండలరావుదీ అదే పని, రెండు వీధుల అవతల. తండ్రి పోయాక దుకాణం పంచుకునే దగ్గర మాటా మాటా పెరిగి పలకరింపులు ఆగిపోయాయి. అలాంటిది ఆయుధపూజ రోజు ఉదయం తమ్ముడి మెసేజ్ వచ్చింది. "చిన్నప్పుడు మనం ఆడిన కారు రేసు కొత్తగా వచ్చింది. సాయంత్రం ఆరింటికి ఆన్‌లైన్‌లో ఉంటా. రాకపోతే ఇంక పిలవను."

నాలోని పాత విండోస్‌కు ఆ ఆట నడిపే శక్తి లేదు. కొత్త విండోస్ నా వయసు చూసి రానంది. అందుకే మాల్యాద్రి వీడియోలు చూసి, విండోస్‌కు బదులు ఎవరైనా ఉచితంగా వాడుకోగల లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్ని నాకు తగిలించాడు. విండోస్ ఆటలను కూడా అది నడుపుతుందట. డిస్కులో పాతదంతా చెరిగిపోయింది. కొత్తది సగం ఎక్కింది. మాల్యాద్రి స్నానానికి వెళ్లాడు.

అప్పుడే అతని భార్య ఆదిలక్ష్మి పసుపు కుంకుమల పళ్లెంతో వచ్చింది. వైండింగ్ మిషన్, స్కూటరు, కత్తిపీట అన్నింటికీ బొట్లు పెట్టి నా దగ్గర ఆగింది.

"పండగపూట కూడా దీనికి రెస్టు లేదా!" అంటూ స్విచ్ ఆపేసి, నా నుదుట కుంకుమ దిద్దింది. పాత బతుకు పోయి, కొత్తది రాక, బొట్టుతో నిలబడ్డాను.

మాల్యాద్రి తల తుడుచుకుంటూ వచ్చి కెవ్వుమన్నాడు. స్విచ్ మీదికి చెయ్యి పోబోతే ఆదిలక్ష్మి అడ్డం నిలబడింది.

"పూజ చేసిన సామాను రేపటిదాకా ముట్టుకోకూడదు. ఆటలు ఏడకీ పోవులే."

"ఆట కాదే. కొండలు పిలిచాడు."

"మన కొండలా? ముందే చెప్పబళ్లా!"

ఆమె కళ్లు మూసుకుని, అమ్మవారికి ఏదో చెప్పుకుని, నన్ను కాస్త పక్కకు జరిపింది. "ఉద్వాసన చెప్పేశా. ఇంక కానీ."

మళ్లీ మొదటినుంచి. లినక్స్ ఎక్కింది, గ్రాఫిక్స్ కుదిరింది, ఆట దిగడం మొదలైంది. ఆరు దాటింది. ఇంకా దిగుతూనే ఉంది. మాల్యాద్రి ఫోన్ తీశాడు, తమ్ముడి పేరు చూసి మళ్లీ పెట్టేశాడు. ఇన్నాళ్ల తర్వాత మొదటి మాట సాకుగా ఉండటం అతనికి ఇష్టం లేదు. ఆరున్నరకు ఆట తెరుచుకుంది. తమ్ముడి పేరు పక్కన పచ్చచుక్క ఆరిపోయి ఉంది.

గేటు ధడేల్మంది.

"ఏందన్నా, పిలిస్తే రాకూడదా? ఒకసారి మొహం మీదే అడిగి పోదామని వచ్చా!"

మాల్యాద్రి తెరవైపు చూపించాడు. కొండలరావు తెరను చూశాడు, నా నుదుటి బొట్టు చూశాడు, వదిన మొహం చూశాడు.

"పూజకని నువ్వు ఆపేశావా వదినా?"

"నన్నేమనమాక. పులిహోర పెడతా, కూర్చో."

కొండలరావు కుర్చీ లాక్కున్నాడు. ఇద్దరూ ఆడేలా ఆట తెర రెండుగా చీలింది. ఉన్నది ఒక్కటే కీబోర్డు; ఒకరికి బాణాల మీటలు, ఇంకొకరికి అక్షరాల మీటలు. బాణాల మీటల మీద ఇద్దరి చేతులూ ఒకేసారి పడ్డాయి. ఎవరూ తీయలేదు. ఇద్దరికీ మొండితనం తండ్రి నుంచే వచ్చిందని నాకు అప్పుడు తెలిసింది.

చివరికి మాల్యాద్రి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వే తీసుకోరా."